కుక్కర్ రబ్బరు గట్టిపడిందా? సిలిండర్ వాషర్ సరిగ్గా ఉందా?.. రబ్బరు గట్టిదనానికీ ఓ నంబర్ ఉందని తెలుసా!

తిరువూరు: కుక్కర్ విజిల్ రాదు, మూత పక్క నుంచి ఆవిరి పోతుంటుంది. సిలిండర్ మార్చగానే గ్యాస్ వాసన వస్తుంది. మామిడి తోటలో డ్రిప్ లైన్ మొదట్లో ఉండే గ్రోమెట్ దగ్గర నీళ్లు చిమ్ముతాయి. ఈ మూడింటికీ చాలాసార్లు కారణం ఒక్కటే.. పనికిరాకుండా పోయిన రబ్బరు ముక్క. ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ప్రాంతంలో తోట ఉన్న రైతుకైనా, వంటింట్లో ఉన్నవారికైనా దీంతో రోజూ పనే. మరి రబ్బరు ఎంత గట్టిగా ఉంటే మంచిది? దాన్ని ఎలా కొలుస్తారు? తెలుసుకుందాం.

సూది గుచ్చి చూస్తారు

రబ్బరు గట్టిదనం కొలిచే పరికరం పేరు డ్యూరోమీటర్. అరచేతిలో పట్టేంత ఉంటుంది. కింద మొండి సూది, లోపల స్ప్రింగ్, పైన డయల్. రబ్బరుపై నొక్కితే సూది ఎంత లోపలికి దిగిందో చూసి నంబర్ చెబుతుంది. సూది బయటికి ఉండేది 2.5 మిల్లీమీటర్లే. అదంతా దిగిపోతే 0, అసలు దిగకపోతే 100. దీన్నే 'షోర్ ఏ' స్కేల్ అంటారు. దీన్ని రూపొందించిన ఆల్బర్ట్ షోర్ పేరే దానికి పెట్టారు.

రబ్బరు బ్యాండ్ సుమారు 30 దగ్గర, బండి టైరు 60 నుంచి 70 మధ్య ఉంటాయి. మెషిన్లలో వాడే ఓ-రింగులు ఎక్కువగా 70 రకానివే. ప్లాస్టిక్ హెల్మెట్ లాంటి గట్టి వస్తువులకు 'షోర్ డీ' అనే వేరే స్కేల్ ఉంది.

కొలతలో తప్పులు ఇక్కడే

* రబ్బరు మందం కనీసం 6 మిల్లీమీటర్లు ఉండాలి. పలుచగా ఉంటే కింద ఉన్న బల్ల గట్టిదనం కూడా కలిసి నంబర్ పెరిగిపోతుంది.
* అంచుకు 12 మిల్లీమీటర్లు లోపల నొక్కాలి.
* గది ఉష్ణోగ్రత దాదాపు 23 డిగ్రీలు ఉండాలి. ఎండలో పెట్టిన రబ్బరును కొలిస్తే లెక్క తప్పుతుంది.
* నొక్కిన తర్వాత ఎన్ని సెకన్లకు చూశామో రాసుకోవాలి. సమయం గడిచేకొద్దీ సూది ఇంకా దిగుతుంది, నంబర్ తగ్గుతుంది.
* ఒక్కచోట కాదు, ఐదు చోట్ల చూసి మధ్య విలువ తీసుకోవాలి.

మరి సన్నటి ఓ-రింగ్ సంగతేంటి? దానికి చిన్న సూదితో పనిచేసే 'ఐఆర్‌హెచ్‌డీ మైక్రో' పద్ధతి ఉంది.

గట్టిపడితే ఏమవుతుంది?

సీల్ పని ఖాళీని నింపడం. నొక్కితే అణగాలి, వదిలితే మళ్లీ లేవాలి. ఎండ, వేడి, గాలిలోని ఓజోన్ తగిలి ఏళ్ల తరబడి చాలా రకాల రబ్బర్లు గట్టిపడతాయి. నూనె పడితే కొన్ని రకాలు ఉబ్బి మెత్తబడతాయి. అంటే నంబర్ పెరిగినా, బాగా తగ్గినా ప్రమాద సంకేతమే. పైగా నంబర్ ఒక్కటే చాలదు. గట్టిదనం బాగానే ఉన్నా, అణిగిపోయి చదునుగా మారిన రింగ్ పనికిరాదు.

చలి కూడా రబ్బరును బిగుసుకుపోయేలా చేస్తుంది. 1986 జనవరి 28న అమెరికా ఛాలెంజర్ స్పేస్ షటిల్ ఎగిరిన 73 సెకన్లకే పేలి ఏడుగురు చనిపోయారు. బూస్టర్ జాయింట్‌లోని ఓ-రింగ్ చలికి బిగుసుకుని ఖాళీని మూయలేకపోయిందని తేలింది. దర్యాప్తు కమిషన్ సభ్యుడు, శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను ఐస్ నీళ్లలో ముంచి అందరి ముందే చూపించారు. మన శ్రీహరికోట నుంచి ఎగిరే రాకెట్ల భారీ ఘన ఇంధన బూస్టర్లనూ ముక్కలుగా చేసి కలుపుతారు. అందుకే అక్కడా సీళ్ల నాణ్యత ప్రాణప్రదం.

ఇంట్లో ఎలా చూసుకోవాలి?

మీటర్ లేకపోయినా పర్వాలేదు. కుక్కర్ రబ్బరును మెల్లగా వంచండి. పగుళ్లు కనిపించినా, సాగకపోయినా, కొత్తదానితో పోలిస్తే బిర్రుగా ఉన్నా మార్చేయండి.

సిలిండర్ విషయంలో మాత్రం ప్రయోగాలు వద్దు. వాల్వ్‌లో ఉండేది నైట్రైల్ రబ్బరు ఓ-రింగ్, గ్యాస్‌ను తట్టుకునే రకం. సైకిల్ ట్యూబ్ ముక్క కోసి వాషర్‌గా పెడితే గ్యాస్ తగిలి ఉబ్బిపోవచ్చు. డెలివరీ ఇచ్చేటప్పుడే లీకేజీ చెక్ చేయించుకోండి. అనుమానం వస్తే సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి, అగ్గిపుల్ల మాత్రం గీయొద్దు. గ్యాస్ వాసన వస్తే కిటికీలు తెరిచి, స్విచ్‌లు ముట్టుకోకుండా బయటికొచ్చి 1906కు ఫోన్ చేయండి.

రబ్బరు ముక్క ఖరీదు కొద్ది రూపాయలే. పాడైందని తెలిసీ వాడటమే అసలు ప్రమాదం.