హొలషొవిత్సె: రెండుసార్లు జనాన్ని కోల్పోయిన గ్రామం

చెక్ రిపబ్లిక్ దక్షిణ భాగంలో, దక్షిణ బొహీమియా ప్రాంతానికి కేంద్రమైన చెస్కె బుద్యెయొవిత్సె నగరానికి పడమరగా సుమారు 15 కిలోమీటర్ల దూరంలో హొలషొవిత్సె అనే చిన్న గ్రామం ఉంది. చేపల పెంపకానికి శతాబ్దాల కిందట తవ్విన చెరువులతో నిండిన పల్లపు నేల ఒకవైపు, బ్లాన్‌స్కీ లెస్ అనే అడవికొండల వరుస మరొకవైపు ఉండగా, ఆ రెండింటి నడుమ సాగుకు అనువైన భూమిలో ఈ ఊరు వెలసింది.

1263 నాటికే రాతపత్రాలలో కనిపించే ఈ గ్రామాన్ని బొహీమియా రాజు రెండవ వాత్స్లావ్ 1292లో విష్షీ బ్రొద్‌లోని సిస్టర్షియన్ మఠానికి దానమిచ్చాడు. సిస్టర్షియన్లు ప్రార్థనతోపాటు శరీరశ్రమనూ వ్రతంగా పాటించిన క్రైస్తవ సన్యాసులు. అడవులు కొట్టి సేద్యాన్ని విస్తరించడంలో పేరుపొందిన ఆ సంప్రదాయానికి చెందిన మఠం కిందనే ఈ ఊరు 1848 వరకూ ఉండిపోయింది.

1520–1525 మధ్య ప్లేగు సోకినప్పుడు ఊరిలో ఇద్దరు మాత్రమే బతికి బయటపడ్డారని చరిత్ర చెబుతోంది. పాడుపడిన పొలాలను మళ్ళీ సాగులోకి తేవడానికి మఠం బవేరియా, ఆస్ట్రియా ప్రాంతాల నుంచి జర్మన్ భాష మాట్లాడే రైతు కుటుంబాలను రప్పించింది. ఆ వలసతో గ్రామ జనస్వరూపమే మారిపోయి, 1895 నాటికి ఇక్కడ 157 మంది జర్మన్లుండగా చెక్‌లు 19 మందే ఉన్నారు. అయితే జనం మారినా ఊరి పొందిక మారలేదు. 210 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు గల పచ్చిక మైదానం చుట్టూ ఇళ్ళు బారుతీరి ఉండగా, మైదానంలో ఒక చెరువు, ఒక కమ్మరి కొలిమి, 1755లో కట్టిన సెయింట్ జాన్ నెపోముక్ ప్రార్థనాలయం ఉన్నాయి.

గ్రామానికి ప్రపంచఖ్యాతి తెచ్చింది ఈ ఇళ్ళ ముఖభాగాలే. రెండువాలుల కప్పు కింద త్రికోణంగా లేచే గోడ మైదానం వైపు తిరిగి ఉంటుంది. దాని పక్కన కమాను ద్వారం, లోపల వాకిలి, వాకిలి చుట్టూ గాదెలు, పశువుల కొట్టాలు ఒకే ఆవరణగా అమరి ఉంటాయి. 18, 19 శతాబ్దాలలో రూపుదిద్దుకున్న ఈ ముఖగోడలపై వంపుల అంచులను, లతలను, తేదీలను సున్నపు గచ్చుతో తీర్చారు. పదిహేడో శతాబ్దం నుంచి ఐరోపాలో చర్చిలకూ రాజప్రాసాదాలకూ వాడిన ఆడంబరమైన వాస్తురీతి బరోక్. దానిని రైతులు తమ ఇళ్ళకు అన్వయించుకున్న తీరును పండితులు ‘జానపద బరోక్’ అంటారు. 1848లో రొబొటా, అనగా భూస్వామికి రైతులు చేయవలసిన వెట్టి, రద్దయిన తరువాత సొంత ఆదాయం చేతికందిన రైతులు ఇళ్ళపై ఖర్చు పెట్టగలిగారన్న సంగతిని గుర్తిస్తే, ఆ అలంకరణలో వారి స్వేచ్ఛ కూడా కనిపిస్తుంది.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం చెకొస్లొవాకియా నుంచి సుమారు ముప్పై లక్షల మంది జర్మన్లను వెళ్ళగొట్టినప్పుడు హొలషొవిత్సె మరోమారు ఖాళీ అయింది. కమ్యూనిస్టు పాలనలో అనేక ఇళ్ళు పాడుబడ్డాయి. వాటిని కూల్చి కొత్తవి కట్టేవారు లేకపోవడం వల్లనే పాత రూపం చెదరకుండా మిగిలిందని భావించవచ్చు. ఈ రక్షణకు చెల్లించిన మూల్యం ఎంతో విషాదకరమైనది. 1990 తరువాత పునరుద్ధరణ సాగి, 1998లో యునెస్కో ఈ గ్రామాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రెండు జానపద నిర్మాణ సంప్రదాయాల కలయికగా ఇక్కడి శైలిని ఆ సంస్థ గుర్తించింది.

దగ్గరలోని చెస్కీ క్రుమ్లొవ్ కోటను చూడవచ్చే యాత్రికులలో చాలామంది ఈ ఊరి ముందు ఆగి రంగుల గోడలను ఫొటోలు తీసుకుంటారు. గ్రామం వాయవ్యాన నిలిచిన ప్లేగు స్తంభాన్ని కూడా వారు తప్పక చూడాలి.