చచ్చిన మేక మళ్లీ లేవదు

ఆటలో చావును ఎలా చూపిస్తారన్నది చిన్న విషయం కాదు. ఆ ఆట పుట్టిన సమాజం ప్రాణానికి కట్టిన విలువ అందులో కనిపిస్తుందని నా అభిప్రాయం.

పాత్రను పెంచుకుంటూ పోయే వీడియో ఆటల్లో కొన్నిటికి 'శాశ్వత మరణం' అనే నియమం ఉంది. పాత్ర చస్తే అది సంపాదించిన బలం, బంగారం అన్నీ పోతాయి. వెనక్కి వెళ్లి బతికించుకోవడానికి వీల్లేదు. ఈ నియమాన్ని వ్యాప్తిలోకి తెచ్చిన 'రోగ్' ఆటను 1980 ప్రాంతంలో కాలిఫోర్నియాలో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే విద్యార్థులు తయారుచేశారు. అందులో బొమ్మలు లేవు. నాయకుడు ఒక గుర్తు, రాక్షసులు అక్షరాలు. అయినా ఆ గుర్తు చచ్చినప్పుడు తెర మీద సమాధిరాయి లేస్తుంది. దాని మీద పేరుంటుంది, చంపిందెవరో ఉంటుంది.

ఈ నియమం పడమటినుంచి దిగుమతి అయిందనుకోవడం పొరపాటు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో రచ్చబండల మీద గీసి ఆడిన పులిజూదంలో ఇదే ఉంది. పులులు 3, మేకలు 15. పక్కనున్న మేక మీదుగా పులి ఖాళీచోటికి దూకితే ఆ మేక చచ్చినట్టే; ఇక బండ మీదికి రాదు. పులికి మాత్రం చావు లేదు. దాన్ని కదలకుండా కట్టెయ్యడం ఒక్కటే మేకలు చేయగలిగింది. ఒంటరి మేక వల్ల అది కాదు. వెనక మరో మేక నిలబడితే పులి దూకలేదు. ఐకమత్యం ఇక్కడ నీతివాక్యం కాదు, ఆట నియమం.

వైకుంఠపాళిది వేరే తత్వం. పాము మింగినవాడు చావడు. కిందికి జారి మళ్లీ పందెం వేస్తాడు. పడటం పాపఫలం, ఎక్కడం పుణ్యఫలం. పులిజూదంలో కర్మ లేదు, మరుజన్మ లేదు. అందుకే అది ఈ నేల బతుకుకు దగ్గర.

ముఠాకక్షల్లో నాయకుల కోసం కత్తి పట్టిన పేదరైతులూ కూలీలూ ఈ నేలలో చాలామంది చచ్చారు. 1999లో వచ్చిన 'సమరసింహారెడ్డి' విజయం తర్వాత ఫ్యాక్షన్ సినిమాలు వరసకట్టాయి. వాటిలో నాయకుడికి పేరుంది, వంశముంది, శత్రువును చీల్చే మాట ఉంది. అతని వెంట పరుగెత్తి చచ్చేవాడికి పేరు కూడా లేదు. ఇదీ పులిజూదమే, కాని పులివైపు నుంచి చెప్పిన కథ. బండ దగ్గర ఇద్దరు కూర్చుంటారు. ఒకడు మేకల పక్షాన ఆలోచిస్తాడు. సినిమాలో ఆ చోటు ఖాళీ.

వీడియో ఆటకూ ఒక హద్దుంది. పాత్ర చచ్చినా ఆడేవాడు బతికే ఉంటాడు. నేర్చుకున్నదానితో కొత్త పాత్రను దించుతాడు. చచ్చిన అనుచరుడి ఇంట్లో ఆ వీలు లేదు. అక్కడ మిగిలేది అప్పు, బీడుపడ్డ చేను, తండ్రి కక్షను మొయ్యాల్సిన కొడుకు.

మేకలవైపు ఖాళీగా ఉన్న ఆ చోట రచయిత కూర్చోవాలి. సీమకథ ఈ పని కొంత చేసింది, చేయవలసింది ఇంకా ఉంది. తెరమీది గుర్తుకు దక్కిన సమాధిరాయి మన ఊళ్లలో చచ్చిన మనిషికి కథలోనైనా దక్కాలి: అతని పేరుతో, అతన్ని చంపిందేమిటో చెప్పే మాటతో.