ఓటు పెట్టె, గుర్తు, చెరగని సిరా: పొరుగు రాష్ట్రముల తెలుగు ఓటరు

పొరుగు రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారి చరిత్ర వ్రాయువారు శాసనములను, వలసలను, దేవాలయములను పేర్కొందురు. పోలింగు కేంద్రములోని ఇనుప పెట్టెను తలచువారు అరుదు. కాని ఇంట తెలుగు మాటలాడుచు, వీధి పలకలపై తమిళమో కన్నడమో ఒడియాయో చూచు మనవారికి ఆ పెట్టె చేసిన మేలు చిన్నది కాదు.

స్వతంత్ర భారతమున తొలి సాధారణ ఎన్నికలు 1951 అక్టోబరు 25 మొదలు 1952 ఫిబ్రవరి 21 వరకు జరిగినవి. ఓటర్లు 17 కోట్లకు పైబడిరి. వారిలో నూటికి సుమారు 85 మంది అక్షరజ్ఞానము లేనివారు. ప్రథమ ప్రధాన ఎన్నికల కమీషనరు సుకుమార్ సేన్ హయాములో అభ్యర్థి కొక పెట్టె చొప్పున అమర్చి, దానిపై అతని గుర్తు నంటించిరి. కాడియెద్దులు, గుడిసె, కంకి కొడవలి — ఓటరు తన కిష్టమైన బొమ్మ గల పెట్టెలో చీటీ వేయుటయే పని. చదువురానివాని కొరకు చేసిన ఈ ఏర్పాటు, పరలిపి నడుమ బ్రదుకు చదువరికిని ఉపకరించినది.

ఆనాడు బళ్లారి, హోసూరు, బెజవాడ ఒకే మద్రాసు రాష్ట్రములోనివి. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరులో చేరెను. 1957లో అచటి తెలుగువాడు వేరొక శాసనసభకు ఓటు వేసెను. కచేరీ భాష మారెను. కాడియెద్దుల బొమ్మ మాత్రము మారలేదు.

పెట్టెలు సుమారు 25 లక్షలు కావలసి వచ్చెను. బొంబాయి విఖ్రోలీలోని గోద్రెజ్ వారితోపాటు మన హైదరాబాదు ఆల్విన్ వారును వానిని తయారుచేసిరి. ఓటు చీటీలు నాసికు ముద్రణాలయమున రూపాయి నోటు పరిమాణమున అచ్చయినవి. గుర్తును పెట్టెకు వెలుపలనేగాక లోపలను అంటించిరి; పైబొమ్మ నెవడైన మార్చినను లోపలిది పట్టియిచ్చును. స్త్రీలకై 27,527 ప్రత్యేక బూత్‌లు నెలకొల్పిరి. అయినను తమ పేరు చెప్పక ఫలానావారి భార్యననియో తల్లిననియో వ్రాయించుకొన్న సుమారు 28 లక్షల మంది, ముఖ్యముగా ఉత్తరాదివారు, జాబితాకెక్కలేదు.

పద్ధతిలో లోపము లేకపోలేదు. పెట్టెలు తెరచాటున నుండెను గాన, చీటీని పెట్టెలో వేయక చేత దాచి బయట అమ్ముకొనుటకు సందు దొరకెను. రహస్యమునకై కట్టిన తెరయే మోసమునకు మరుగయ్యెను! అందుచేత 1962 సాధారణ ఎన్నికలలో, అభ్యర్థులందరి పేర్లు, గుర్తులు ఒకే చీటీపై అచ్చువేసి, మరుగున ముద్రవేసి అధికారి యెదుటి పెట్టెలో వేయు పద్ధతి వచ్చెను. భద్రత పెరిగెను, కాని చీటీలోనికి రాష్ట్రలిపి ప్రవేశించెను. పేరు చదువలేని మనవానికి ప్రక్కనున్న గుర్తే దిక్కు.

ఆ 1962 నుండియే చెరగని సిరా మైసూరు నుండి రాసాగెను. 1937లో నాల్వడి కృష్ణరాజ ఒడయరు స్థాపించిన రంగుల కర్మాగారమే దాని పుట్టిల్లు. అందలి సిల్వర్ నైట్రేటు వెలుతురు తగిలి చర్మముపై నల్లబడును; సబ్బునకు లొంగదు.

ఓటు యంత్రమును 1982లో కేరళలోని పరవూరున తొలుత వాడిరి. యంత్రములను చేయు రెండు ప్రభుత్వ సంస్థలలో బెంగుళూరుది ఒకటి, హైదరాబాదుది మరొకటి. చూపులేనివారికై బ్రెయిలీ అంకెలు అమర్చిన యంత్రమును 2004లో హైదరాబాదు ఆసిఫ్‌నగర్ ఉపఎన్నికలో పరీక్షించిరి. ఇప్పుడు ప్రక్కనున్న అద్దములో ఏడు సెకనులు కనబడు చీటీలోను పేరుతోపాటు గుర్తు ఉండును.

ఇంతటి సామగ్రి యున్నను చిక్కు తొలి బల్లవద్దనే కలదు. ఒక నియోజకవర్గ ఓటర్లలో నూటికి 20 మందికి తక్కువ కాకుండ అల్పసంఖ్యాక భాషవారున్నచోటనే జాబితా వారి భాషలోను వెలువడును. చెదరియున్న మనవారి పేర్లు రాష్ట్రలిపిలోనే యుండును. తమిళలిపిలో క, గలకు ఒకే అక్షరము గనుక, గోపమ్మ వేరొక లిపిలోనికి మారునపుడు కోపమ్మ కావచ్చును! గుర్తింపు కార్డులోని ఇట్టి స్వల్ప అక్షరదోషములను పట్టించుకొనక, మనిషి అతడే యని తేలినచో ఓటు వేయనీయవలెనని కమీషను ఆదేశము. బల్లవద్ద ఆ సంగతి చెప్పి నిలువవలసినది గోపమ్మయే.