లడ్విగ్ డ్రమ్ము మీద రోజర్స్ బ్రాకెట్

1964 ఫిబ్రవరి 9 రాత్రి న్యూయార్క్‌లో, ఎడ్ సల్లివన్ టీవీ షోలో బీటిల్స్ పాడితే అమెరికాలో 7 కోట్ల 30 లక్షల మంది చూశారు. ఏటా ఈ తేదీ రాగానే ఆ వీడియో మళ్ళీ తిరుగుతుంది. జనం పాటలు వింటారు, కుర్రాళ్ళ జుట్లు చూస్తారు. పాత డ్రమ్ సెట్లంటే ప్రాణం పెట్టేవాళ్ళు మాత్రం వెనక ఎత్తు మీద కూర్చున్న రింగో స్టార్ ముందున్న నట్లూ బోల్టులూ చూస్తారు. ఏ స్టాండు, ఏ పెడల్, ఏ బ్రాకెట్? ఆ సామాను ఆ ఏడాదిదేనా, తర్వాత ఎవరైనా తగిలించిందా? నేనూ ఆ జాతివాడినే.

కర్ర డొల్లను చూసి డ్రమ్ము వయసు చెప్పడం కష్టం. వయసు చెప్పేది దాని మీది లోహం. వందల ఏళ్ళ పాటు ఆ లోహమే లేదు. తాళ్ళు బిగించి శ్రుతి చేసుకున్నారు. పందొమ్మిదో శతాబ్దంలో తాళ్ళ స్థానంలో ఇనుప కడ్డీలు వచ్చాయి. 1909లో విలియం లడ్విగ్, తమ్ముడు థియోబాల్డ్‌తో కలిసి షికాగోలో కంపెనీ పెట్టి, పాదంతో వాయించే పెడల్ అమ్మడం మొదలెట్టాడు. మనిషొక్కడే కూర్చుని అన్ని డ్రమ్ములూ వాయించే వీలు అక్కడి నుంచి బలపడింది. ఆయన కంపెనీని కాన్ సంస్థకు అమ్మేసి, 1937లో సొంతంగా మరొకటి పెట్టి డబ్ల్యు.ఎఫ్.ఎల్. అని పేరు పెట్టాడు. 1955లో లడ్విగ్ పేరును తిరిగి కొనుక్కున్నాడు. అందుకే డబ్ల్యు.ఎఫ్.ఎల్. బ్యాడ్జి కనిపిస్తే కాలం సగం తేలిపోయినట్టే.

మధ్యలో యుద్ధం వచ్చింది. 1942లో అమెరికా ప్రభుత్వం సంగీత వాద్యాల బరువులో లోహం పదో వంతు దాటకూడదని ఆంక్ష పెట్టింది. స్లింగర్‌ల్యాండ్ కంపెనీ లగ్గుల్ని, అంటే బిగింపు కడ్డీలు దిగే దిమ్మల్ని, రోజ్‌వుడ్ కర్రతో చేసింది. రోలింగ్ బాంబర్ అని పిలిచే ఆ డ్రమ్ము మీద కర్ర లగ్గులుంటేనే అది అసలుది. మెరిసే క్రోమ్ లగ్గులు కనిపించాయంటే యుద్ధం తర్వాత ఎవరో మార్చారని అర్థం. 1957 ప్రాంతంలో డ్రమ్ము వాయించే ముఖం మీద దూడ చర్మం పోయి ప్లాస్టిక్ వచ్చింది. ఇక నా మనసు దోచుకున్న సంగతికి వస్తాను.

1963 మే నెలలో రింగో తన పాత ప్రీమియర్ సెట్టు వదిలి, లండన్‌లో ఐవర్ ఆర్బిటర్ నడిపే డ్రమ్ సిటీ షాపు నుంచి లడ్విగ్ సెట్టు తీసుకున్నాడు. డౌన్‌బీట్ మోడల్. బేస్ డ్రమ్ము 20 అంగుళాలు, టామ్ 12, ఫ్లోర్ టామ్ 14. పైన తొడిగిన ప్లాస్టిక్ ఆయిస్టర్ బ్లాక్ పెర్ల్, నల్లటి నేల మీద తెల్లటి సుడులు. బీటిల్స్ పేరులో టీ అక్షరం కిందికి సాగిన ఆ లోగో పుట్టింది కూడా ఈ కొనుగోలులోనే. ఆర్బిటర్ కాగితం మీద గీస్తే ఎడ్డీ స్టోక్స్ అనే పెయింటరు డ్రమ్ము మీద రాశాడు. ‘షీ లవ్స్ యూ’, ‘ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్’ రికార్డయింది ఈ సెట్టుతోనే. సల్లివన్ షోలో వాయించింది దీన్ని కాదు, అమెరికాలో అందించిన రెండో సెట్టును.

లడ్విగ్ కేటలాగు ప్రకారం ఈ మోడల్‌లో బేస్ డ్రమ్ము నెత్తిన ఒక లోహపు పట్టీ ఉంటుంది, చిన్న టామ్ దాని మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ఆ జరుగుడు బాగానే ఉంటుంది కానీ, టామ్‌ను వాయించేవాడి వైపు కోరినంత వంచడం కుదరదు. ఒహాయో రాష్ట్రంలోని రోజర్స్ కంపెనీ దీనికి మంచి మందు కనిపెట్టింది. స్వివ్-ఓ-మాటిక్ అనే ఆ బ్రాకెట్‌లో గిన్నెలాంటి గూడులో లోహపు గుండు కూర్చుంటుంది. ఆరు పలకల కడ్డీని ఎటు తిప్పినా తిరుగుతుంది, మర బిగిస్తే కదలదు. పోటీ కంపెనీల సెట్లు వాయించేవాళ్ళు కూడా దీన్ని కొనుక్కుని తమ డ్రమ్ములకు బిగించుకున్నారు. రింగో లడ్విగ్ సెట్టు మీద టామ్‌ను మోసిందీ ఈ రోజర్స్ బ్రాకెట్టే.

ఈ ఒక్క ముక్క కోసమే నేను ఇంత రాస్తున్నాను. ఆ సెట్టు పేరు లేకుండా ఎవరి గ్యారేజీలోనో దొరికి ఉంటే ఏం జరిగేది? కేటలాగు చేతిలో పట్టుకున్నవాడు రోజర్స్ బ్రాకెట్‌ను పరాయి సామానంటూ ఊడదీసేవాడు. 1963 నాటి అసలు లడ్విగ్ పట్టీ వెతికి తెచ్చి బిగించేవాడు. అప్పుడు ప్రతి ముక్కా కంపెనీదే, సంవత్సరమూ సరైనదే, సెట్టు మాత్రం అబద్ధం. ఒక డ్రమ్మును గుర్తించడమంటే ఫ్యాక్టరీ గుమ్మం దాటిన రోజును మాత్రమే కాదు, అది బతికిన రోజుల్నీ చదవడం. 2015లో రింగో వాయించిన ఆ మొదటి లడ్విగ్ సెట్టు వేలంలో 20 లక్షల డాలర్లకు పైగా పలికింది.

మరి ఏ మార్పు పాతది, ఏది నిన్నటిది? డ్రమ్మే చెబుతుంది. బ్రాకెట్ విప్పితే కింద ప్లాస్టిక్ ఇంకా తెల్లగా ఉంటుంది, చుట్టూ ఉన్నది ఎండకూ పొగకూ పసుపెక్కి ఉంటుంది. ఆ తెల్ల మచ్చ ఆకారమూ బ్రాకెట్ అడుగు ఆకారమూ ఒకటైతే అది దశాబ్దాలుగా అక్కడే ఉంది. లోపలి నుంచి రంధ్రం అంచు చూడండి: పాత రంధ్రంలో కర్ర నల్లబడి, వాషర్ గుండ్రంగా అచ్చు దించి ఉంటుంది, కొత్త రంధ్రంలో కర్ర పాలిపోయి కనిపిస్తుంది. నికెల్ పూత పసుపు ఛాయకు తిరుగుతుంది, క్రోమ్ నీలంగా చల్లగా మెరుస్తుంది. లడ్విగ్ డొల్ల లోపల మొదట తెల్ల రంగు వేసేవాళ్ళు. 60ల తొలి ఏళ్ళలో చుక్కల బూడిద పూతకు మారారు, ఆ దశాబ్దం చివర కర్ర కనిపించే పూత వచ్చింది. లడ్విగ్ పేరుండే కీస్టోన్ బ్యాడ్జి మీద వరుస సంఖ్యలు మొదలైంది 1963 చివర్లో. సంఖ్య లేని బ్యాడ్జి అంతకు ముందుదని పట్టుకోవచ్చు.

అక్కడిదాకా లెక్క బాగానే నడుస్తుంది. తర్వాత చిక్కుపడుతుంది. వరుస సంఖ్యలన్నారు కానీ బ్యాడ్జీలు వరుసగా అంటించలేదు. డబ్బాలో చేతికి దొరికింది కొట్టేశారు. రింగో పుణ్యమా అని ఆర్డర్లు మీదపడ్డ రోజుల్లో పాత భాగాలూ కొత్త భాగాలూ ఒకే డ్రమ్ము మీదికి చేరాయి. రోజర్స్‌ను 1966లో సీబీఎస్ కొన్నది. లడ్విగ్ 1981లో సెల్మర్ చేతికి పోయి, తర్వాత షికాగో వదిలి నార్త్ కరోలినాకు తరలింది. ఇప్పుడు కంపెనీలే పాత బ్యాడ్జీల నమూనాలను మళ్ళీ తయారుచేస్తున్నాయి. ఇంకోపక్క మంచి సెట్లను విప్పి లగ్గు లగ్గుగా అమ్ముతున్నారు, విడిగా ఎక్కువ డబ్బు వస్తుందని. అది చూస్తే నా కడుపు రగులుతుంది.

మన ఊళ్ళ పాత ఆర్కెస్ట్రాల గదుల్లో, చర్చిల అటకల మీద, బ్యాండు మేళం వాళ్ళ ఇళ్ళలో ఇప్పటికీ తుప్పు పట్టిన సెట్లు ఉండవచ్చు. మీకు ఒకటి తారసపడితే దయచేసి తోమకండి, దాని మీద సరిపడని బ్రాకెట్టు కనిపించినా పారేయకండి. ముందు నాలుగు వైపులా, లోపలా ఫొటోలు తీయండి. విప్పాల్సి వస్తే స్క్రూలన్నీ ఒక సంచిలో వేసి, ఎక్కడివో చీటీ రాసి పెట్టండి. వాయించిన పెద్దాయన ఇంకా ఉంటే, ఆ బ్రాకెట్టు ఎవరు, ఎందుకు బిగించారో అడిగి అదే చీటీ మీద రాయండి.