మనస్తత్వ శాస్త్రంలో ఓపెన్ సైన్స్

పరిశోధకులు తమ ప్రణాళికను, సేకరించిన దత్తాంశాలను, ప్రయోగ సామగ్రిని ఇతరులు పరీక్షించి చూచుకొనుటకు వీలుగా అందరి ముందు ఉంచే పద్ధతులను ఓపెన్ సైన్స్ లేదా బహిరంగ విజ్ఞానం అంటారు. మనస్తత్వ శాస్త్రంలో ఈ పద్ధతులు 2011 తరువాత వేగంగా వ్యాపించినవి.

నేపథ్యం

2011లో అమెరికా శాస్త్రవేత్త డారిల్ బెమ్, మనుషులు భవిష్యత్తును ముందే పసిగట్టగలరని తొమ్మిది ప్రయోగాల ఆధారంతో ఒక ప్రముఖ పత్రికలో ప్రకటించాడు. అదే సంవత్సరం నెదర్లాండ్స్‌కు చెందిన డీడెరిక్ స్టాపెల్ దత్తాంశాలను కల్పించినట్లు బయటపడినది. జోసెఫ్ సిమన్స్, లీఫ్ నెల్సన్, యూరీ సైమన్సన్ అంతకన్న సూక్ష్మమైన ప్రమాదాన్ని చూపించారు. ఒక బీటిల్స్ పాట వింటే శ్రోత వయస్సు సుమారు ఏడాదిన్నర తగ్గుతుందని వారు అంకెలతో "నిరూపించారు". ఇందుకు దొంగ లెక్కలు అవసరం కాలేదు. అనేక కొలతలు తీసుకొని అనుకూలమైన వాటినే పేర్కొనడం, ఫలితాన్ని చూచుకుంటూ పాల్గొనేవారిని పెంచడం సరిపోయినవి.

2015లో బ్రయన్ నోసెక్ బృందం 100 అధ్యయనాలను తిరిగి నిర్వహించినది. మూల అధ్యయనాలలో 97 శాతం గణాంకపరంగా సార్థకమైన ఫలితాలు చూపగా, పునఃప్రయోగాలలో 36 శాతం మాత్రమే అట్టి ఫలితాలు ఇచ్చినవి.

ప్రధాన పద్ధతులు

ముందస్తు నమోదు: దత్తాంశ సేకరణకు ముందే పరికల్పనను, పాల్గొనేవారి సంఖ్యను, విశ్లేషణ విధానాన్ని తేదీతో సహా నమోదు చేస్తారు.

నమోదిత నివేదిక: పత్రిక ముందుగా ప్రణాళికనే సమీక్షించి, ఫలితం ఏదైనా ప్రచురించుటకు సూత్రప్రాయంగా అంగీకరిస్తుంది. క్రిస్ ఛాంబర్స్ కృషితో 2013లో కార్టెక్స్ పత్రిక దీనిని ప్రారంభించినది.

దత్తాంశాల వెల్లడి: 2014లో సైకలాజికల్ సైన్స్ పత్రిక దత్తాంశాలు బయటపెట్టిన వ్యాసాలకు బ్యాడ్జీలు ఇవ్వసాగినది. అంతకుముందు 3 శాతం లోపు ఉన్న అట్టి వ్యాసాలు 2015 ప్రథమార్ధంలో 39 శాతానికి చేరినవి.

ఫలితాలు

2021లో ప్రచురితమైన ఒక పరిశీలన ప్రకారం, సాధారణ వ్యాసాలలో 96 శాతం తమ మొదటి పరికల్పన నిజమైనదని తెలుపగా, నమోదిత నివేదికలలో 44 శాతం మాత్రమే అలా తెలిపినవి. ఇదివరకు బుట్టదాఖలైన ప్రతికూల ఫలితాలు ఇప్పుడు అచ్చవుతున్నాయని దీనిని బట్టి గ్రహించవచ్చును.

పరిమితులు

రోగుల సంభాషణల వంటి దత్తాంశాలను బయటపెడితే వారి గోప్యతకు భంగం కలుగవచ్చును. నమోదు ఒక్కటే నిజాయితీకి హామీ కాదు. ముందస్తు నమోదు మొదలైన పద్ధతుల వలన పునఃప్రయోగాలు బాగా సఫలమవుతాయని 2023లో వెలువడిన ఒక వ్యాసాన్ని నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రిక 2024లో ఉపసంహరించినది. ఆ వ్యాసం తన సొంత ముందస్తు నమోదు గురించి చెప్పిన మాటలే సరికావని తేలడం ఇందుకు ఒక కారణం. ఆ లోపం బయటపడినది కూడా ఇతరులు నమోదు పత్రాలను వ్యాసంతో పోల్చి చదువుట వలననే.