పట్నంలో మా నాష్తా

తెల్లారి బస్సు దిగగానే ఏ ఊరోళ్లకైనా ముందు గుర్తొచ్చేది కడుపే. ఆత్మకూరు, ఉదయగిరి సాయిబులం మేము దిగితే ఆకలితో పాటు ఇంకో ప్రశ్న కూడా దిగుతుంది: ఏ హోటల్లోకి పోవాలి? రుచి కోసం కాదు ఈ వెతుకులాట. అది ఎవరి హోటలు, లోపల కూర్చుంటే మేమెవరం?

ముస్లిం అనగానే నిజాం, చార్మినార్ గుర్తొచ్చేవాళ్లకి ముందు ఒక సంగతి చెప్పాలి. మొదట్లో మా పట్నం హైదరాబాద్ కాదు. ఉదయగిరి కొండ మీది మసీదులో ఫార్సీ శాసనాలు గోల్కొండ కాలపువే, కాదనం. కానీ ఆ తర్వాత మా సీమ ఆర్కాటు నవాబుల కిందికి పోయింది, 1801లో కంపెనీ పాలయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మాకు పట్నమంటే చెన్నపట్నమే. వాలాజా నవాబు 1768లో చేపాక్ మహల్ కట్టుకున్నాడు. ఆ పక్క ట్రిప్లికేన్లో 1795 నాటి పెద్ద మసీదు ఉంది. మా తాతలు దిగింది ఆ వీధుల్లోనే.

అప్పటి రైల్వే స్టేషన్లలో నీళ్లకే మతముండేది. హిందూ నీళ్లు వేరు, ముస్లిం నీళ్లు వేరు. ఇక ఇడ్లీకి కులం ఉండటంలో వింతేముంది? ‘బ్రాహ్మణ హోటల్’ అని బోర్డు రాసుకునేవాళ్లు. ఆ బోర్డు ముందు ఆగిపోయింది సాయిబొక్కడే కాదు, మాల మాదిగలు మాకన్నా ముందే ఆగిపోయారు. ఇదే ట్రిప్లికేన్లో మురళీ కేఫ్ బోర్డు మీద ఆ మాట తీసెయ్యాలని పెరియార్ 1957లో ఆందోళన మొదలుపెట్టాల్సి వచ్చింది. అంటే స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లయినా బోర్డు చెక్కుచెదరలేదన్నమాట. ఇడ్లీ మీద సాంబారు గుమ్మరించే రత్నా కేఫ్ 1948లో, మౌంట్ రోడ్డు బుహారీ 1951లో మొదలయ్యాయి. మా పెద్దలకి పట్నం నాష్తా అంటే ఈ రెండు లోకాల మధ్య తిరగడమే.

1956 తర్వాత కచేరీలు, ఉద్యోగాలు అన్నీ హైదరాబాద్ అయ్యాయి. మా బస్సూ అటు తిరిగింది. మూసీ దాటితే మదీనా, పత్తర్‌గట్టీ. ఫజర్ నమాజు అయ్యేసరికి నిహారీ డేగ్ మూత తీస్తారు. అరబ్బీలో నహార్ అంటే పగలు, నిహారీ పేరు అందులోంచే వచ్చింది. రాత్రంతా సన్నమంట మీద ఉడికిన కాళ్లూ నాలుకా, పక్కన చార్‌కోనీ నాన్, పైన ఇరానీ చాయ్. ఇక్కడ మనల్ని అడిగేవాళ్లు లేరనుకున్నాం. నోరు తెరిచి ఉర్దూలో ఆర్డరిచ్చామో లేదో, ‘ఆంధ్రావాలేనా?’ అని నవ్వాడొకడు. మా ఉర్దూకి తెలుగు యాస అట! ఇంకోరోజు ఇంకో వీధిలో తెలుగోళ్ల మెస్సుకి పోయాం. పేరు చెప్పగానే ‘తెలుగు ఇంత బాగా మాట్లాడుతున్నారే!’ అని మెచ్చుకున్నారు. అమ్మ నేర్పిన భాష మాట్లాడితే మెప్పు దేనికి?

నిజం చెప్పాలంటే నిహారీ మాకు పట్నం వచ్చాకే తెలిసింది. ఇంట్లో పొద్దున మేం తిన్నది చద్దన్నం, ఉల్లిపాయ, సంగటి. అమ్మీ ఎర్రకారం పూసి కాల్చిన దోసె. రాత్రి చేపల పులుసు మిగిలితే ఆ దోసెకి పండగే. అదే దోసె ఇప్పుడు నగరంలో ‘నెల్లూరు’ అని బోర్డేసుకుని అమ్ముడుపోతోంది. ఆ బోర్డు రాసినవాళ్లకి మా వంటిల్లు గుర్తుందా? ముస్లిం తిండి అంటే బిర్యానీ, తెలుగు తిండి అంటే దోసె అని పంచేశారు. దోసె తినే సాయిబుని ఏ లెక్కలో రాస్తారు? నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గాలో మొహర్రం నెలలో రొట్టెలు మార్చుకునే జనం మాత్రం అది ఏ ఇంటి రొట్టె అని అడగరు. చరిత్ర రాసేవాళ్లు ఒకసారి ఆ చెరువుగట్టుకి రావాలి.

ఊరినుంచి కొత్తగా వచ్చే పిల్లలు ఇప్పటికీ మమ్మల్ని అడుగుతుంటారు, పొద్దున్నే ఎక్కడ తినాలని. శుక్రవారమైతే మదీనా వైపు పొమ్మంటాం. మిగతా రోజుల్లో కారందోసె ఎక్కడ దొరికితే అక్కడ. పేరడిగితే పూర్తి పేరే చెప్పమంటాం.