బాలింత కన్నీళ్లు ఏ పద్దులో రాయాలి?

నా మొదటి కాన్పు తర్వాత మూడు నెలలు ఆదోనిలో అమ్మగారింట్లో ఉన్నాను. అప్పటికే సాహిత్యంలో పిహెచ్.డి. చేతికొచ్చింది. స్త్రీల కథల్లో మాతృత్వం గురించి పేజీలకు పేజీలు రాసినదాన్ని. అయినా పొద్దుగూకితే చాలు, కారణం తెలియని ఏడుపు. బిడ్డ నిద్రపోయినా నాకు కునుకు పట్టేది కాదు. "యాల ఏడుస్తుండావే, పాలు ఇగిరిపోతాయి" అని అవ్వ కసిరేది. దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. వేన్నీళ్ల స్నానం, సాంబ్రాణి పొగ, పథ్యం, ఒంటికి కావలసినవన్నీ జరిగాయి. ఆసుపత్రిలో బిడ్డ బరువు చూశారు, నా కుట్లు చూశారు. నా మనసెట్లా ఉందని ఎవరూ అడగలేదు. చివరికి బిడ్డను అమ్మకిచ్చి, బస్సెక్కి బళ్లారిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె మందు రాయకముందే గంటసేపు విన్నది. అట్లా ఆరుసార్లు వెళ్లాను.

ఆ బస్సు దాటే సరిహద్దుకో చరిత్ర ఉంది. 1953 అక్టోబర్ 1 దాకా ఆదోని బళ్లారి జిల్లాలోదే. ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలో ఊరు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరుకు పోయింది, ఆదోని కర్నూలులో కలిసింది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చాక, దాన్ని ఒక జిల్లా మొత్తంలో నడిపి చూడటానికి బెంగుళూరు నిమ్హాన్స్ ఎంచుకున్నది బళ్లారినే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, కార్యకర్తలకు శిక్షణనిచ్చారు. ఆ నమూనాతోనే 1996లో జిల్లా కార్యక్రమం దేశంలో నాలుగు జిల్లాల్లో మొదలైంది. మన రాష్ట్రం నుంచి అందులో ఉన్నది మెదక్. గీతకు ఇవతలి ఆదోనికి చోటు లేదు.

అయితే తప్పంతా గీతదే అనలేం. బళ్లారిలో కూడా ముందు చూపు తీవ్రమైన ఉన్మాదం మీద, మూర్ఛ మీద. ఇది పాత అలవాటే. 1858లో పారిస్‌లో లూయీ విక్టర్ మార్సే బాలింతల పిచ్చి గురించి పెద్ద గ్రంథం రాశాడు. ఆ కాలపు వైద్యం చూసింది ఎక్కువగా ఆసుపత్రులకు చేరిన స్త్రీలనే. ఇంట్లో వంట చేస్తూ, పాలిస్తూ, కొంగుతో కళ్లు తుడుచుకునే స్త్రీ వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. అందుకే ఆమె లెక్కలోకి రాలేదు.

ఆమెను లెక్కలోకి తెచ్చిన పది ప్రశ్నల ఎడిన్‌బరో పట్టిక 1987లో వచ్చింది. గోవాలో 270 మంది తల్లులను పరిశీలించి 2002లో విక్రమ్ పటేల్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు 23 శాతం మంది కుంగుబాటులో ఉన్నారు. పేదరికం, భర్త హింస, ఆడపిల్ల పుట్టడం దానికి తోడయ్యాయి. అంటే ఇది హార్మోన్ల గొడవ మాత్రమే కాదు, ఇంటి రాజకీయం కూడా.

ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్లలో కండెలు చుట్టేది స్త్రీలే. బాలింతరాలు ఎన్నాళ్లు రాట్నానికి దూరంగా ఉండగలదు? ఈ పల్లెల నుంచి సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయే తల్లి చెట్టుకు చీర ఉయ్యాల కట్టి కాయ కోస్తుంది. ఆమె బళ్లారి బస్సెక్కి ఆరుసార్లు పోగలదా? నాకు దొరికిన చికిత్స నా చదువుకు, నా జీతానికి దొరికింది.

అట్లాగని దారి లేదనను. రావల్పిండి పల్లెల్లో మామూలు ఆరోగ్య కార్యకర్తలే ఇళ్లకు వెళ్లి తల్లులతో మాట్లాడితే ఆరు నెలలకు కుంగుబాటు సగానికి తగ్గిందని 2008లో తేలింది. మానసిక వైద్యాలయంలో చేరిన తల్లి నుంచి మూడేళ్ల లోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదని 2017 చట్టం చెప్పింది. 2022 నుంచి 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, ఇంట్లో ఫోన్ ఆమె చేతికిస్తే.

ఆసుపత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి రావాలి. నేను బళ్లారికి వెళ్లిందీ ఆరుసార్లే. ఆమె చేతిలోని ఫారంలో తల్లి మాట తేడాగా ఉందా, ఫిట్స్ వస్తున్నాయా అన్న ప్రశ్న ఒకటుంది. మళ్లీ అదే చూపు. ఆ ప్రశ్న కింద ఇంకొక్కటి చేర్చాలి: "నీకెట్లుందమ్మా?" అడిగి, జవాబు వినేదాకా కూర్చునే తీరిక ఆశాకివ్వాలి. ఆ తీరికకు జీతం కూడా ఇవ్వాలి.